ప్రాణానికి పద్దు ఎక్కడ?

అత్యవసర వైద్యం గురించి ప్రభుత్వాలని ఎప్పుడు నిలదీసినా వచ్చే జవాబు ఒకటే: నిధులు లేవు. మంత్రిగారు అంటారు, జిల్లా అధికారి అంటాడు, చివరికి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డ వార్డుబాయ్ కూడా అదే అంటాడు. ఈ మాట మనకి ఎంత అలవాటైపోయిందంటే, ఎండాకాలం ఎండలాగా, ఎవరి ప్రమేయమూ లేకుండా వచ్చిపడేదిలాగా దీన్ని ఒప్పుకుంటున్నాం. ఈ వ్యాసంలో మేం ఆ మాటనే పరీక్షకి పెడుతున్నాం. నిధుల కొరత వెనక ఒక నిర్ణయం వుంటుంది. ఆ నిర్ణయం ఎవరు చేశారు, ఎవరికోసం చేశారు, ఎవర్ని పక్కనపెట్టి చేశారు అని అడగాలి. ఈ దేశంలో ఆ ప్రశ్న నిజాయితీగా అడిగిన వాళ్లెవరైనా కులం దగ్గరికి రాక తప్పదు.

అసలు ప్రాణం మీదికి రావడం ఎవరికి ఎక్కువ? రాత్రిపూట పొలానికి నీళ్లు పెట్టేది ఎవరు? పురుగుమందు డబ్బా వీపుకి కట్టుకొని చేలో తిరిగేది ఎవరు? మిరపకాయల కోతకి పదిహేనుమంది ఒక ఆటోలో కుక్కుకొని పొయ్యేది ఎవరు? మ్యాన్‌హోల్‌లోకి దిగేది ఎవరు? పనుల్ని కులాలవారీగా పంచిన సమాజంలో ప్రమాదాలు కూడా కులాలవారీగానే పంపకమవుతాయి. కానీ ఆ ప్రమాదం నుంచి కాపాడే ఏర్పాట్లు మాత్రం ఆ లెక్కన పంపకం కావు.

దూరం పాతదే

1929 డిసెంబర్ 12 నాటి ‘యంగ్ ఇండియా’లో అచ్చయిన ఒక ఉత్తరాన్ని అంబేద్కర్ తన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో చేర్చారు. కాఠియావాడ్‌లో బడిపంతులుగా పనిచేస్తున్న ఒక అంటరాని కులస్తుడు రాసిన ఉత్తరం అది. కాన్పు అయిన రెండు రోజులకి అతని భార్య జబ్బు పడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఊరి పెద్దమనిషి చెప్పిన మీదట, రెండు రూపాయల ఫీజు ఒప్పుకొని, వాడ బయట నిలబడి చూస్తానన్నాడు. పసిబిడ్డతో బాలింతని బయటికి తీసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరుని ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన పంతులికిచ్చాడు. పంతులు భార్యకి పెట్టాడు. మళ్లీ అదే వరసలో అది డాక్టరు దగ్గరికి పోయింది. న్యుమోనియా అని చెప్పి మందు పంపాడు. జబ్బు ముదిరాక మళ్లీ వచ్చి చూడటానికి ఒప్పుకోలేదు. ఆమె చనిపోయింది.

ఈ సంఘటనలో డాక్టరు వున్నాడు, మందు వుంది, ఫీజు కూడా వుంది. లేనిదల్లా డాక్టరుకీ రోగికీ మధ్య దూరాన్ని చెరిపేసే అధికారం. అంచేత డబ్బుంటే వైద్యం దానంతటదే అందుతుందనే వాదనకి ఈ ఉత్తరమే జవాబు. ఇవాళ ఒక ప్రభుత్వ డాక్టరు ఆ మాట బాహాటంగా అనలేడు, అంటే కేసవుతుంది. అయితే దూరం పోలేదు. అప్పుడు మనిషి నోటితో చెప్పిన దూరాన్ని ఇప్పుడు బడ్జెట్ పుస్తకం చెప్తోంది. వాడకి రోడ్డు వెయ్యకపోవడం, పి.హెచ్.సి.లో రాత్రి డాక్టరు లేకపోవడం, మండలం మొత్తానికి ఒక్క అంబులెన్సు పెట్టి సరిపుచ్చడం, ఇవన్నీ ఎవరూ ఎవర్నీ తిట్టకుండానే, ముట్టుకోనని చెప్పకుండానే జరిగిపోతాయి. అందుకే వీటి మీద కేసు పెట్టడం కష్టం.

కోర్టు తేల్చిన విషయం

1992 జులై 8 రాత్రి పశ్చిమ బెంగాల్‌లో మథురాపూర్ స్టేషన్ దగ్గర ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడిపోయాడు. తలకి తీవ్రమైన దెబ్బ. పి.హెచ్.సి.లో వసతి లేదన్నారు. కలకత్తాకి తీసుకుపోతే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మంచం లేదన్నారు, ఇంకోచోట ఆ విభాగం లేదన్నారు, మరోచోటికి పొమ్మన్నారు. రాత్రంతా నగరంలో తిరిగి చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే దాదాపు 17,000 రూపాయలు ఖర్చయింది. ఒక కూలీకి 1992లో ఆ మొత్తం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అతని సంఘం, పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, సుప్రీంకోర్టుకి వెళ్లింది.

1996 మే 6న వచ్చిన తీర్పు మనకి చాలా ముఖ్యమైంది. సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని ఉల్లంఘించడమేనని కోర్టు చెప్పింది. అతనికి 25,000 రూపాయలు నష్టపరిహారం ఇమ్మంది. అంతకన్నా పెద్ద విషయం, డబ్బు లేదనే కారణం చూపించి ప్రభుత్వం ఈ బాధ్యత నుంచి తప్పుకోడానికి వీల్లేదంది. పి.హెచ్.సి.ల్లో ప్రథమ చికిత్సకి తగిన వసతులుండాలనీ, జిల్లా, సబ్ డివిజన్ ఆసుపత్రుల స్థాయి పెంచాలనీ, ఎక్కడ మంచం ఖాళీ వుందో తెలిసే ఏర్పాటు వుండాలనీ, అంబులెన్సులో పరికరాలూ మనుషులూ వుండాలనీ చెప్పింది. మిగతా రాష్ట్రాలు కూడా ఈ చర్యలు తీసుకోవాలంది.

ఇంతకుముందే, 1989లో, పరమానంద్ కటారా కేసులో ప్రాణాపాయంలో వున్న మనిషికి పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా వైద్యం చెయ్యడం ప్రతి డాక్టరు బాధ్యత అని అదే కోర్టు చెప్పింది. అంటే న్యాయపరంగా ‘నిధులు లేవు’ అన్న జవాబు చెల్లకుండా పోయి దాదాపు మూడు దశాబ్దాలవుతోంది. అయినా ఆ జవాబే ఇంకా వాడుకలో వుంది. చెల్లని నోటు ఇంకా చలామణి అవుతోందంటే దాన్ని తీసుకుంటున్నవాళ్ల బలహీనత కంటే, ఇస్తున్నవాళ్ల బలమే కారణమని మేం అనుకుంటున్నాం.

108 చెప్పే కథ

తెలుగు నేలమీద అత్యవసర వైద్యం అనగానే 108 అంటారు. ఎన్నికల సభల్లో ఆ బండి చప్పుడుని కూడా నోటితో చేసి చూపించిన నాయకులున్నారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఇది మొదలైంది. సత్యం కంప్యూటర్స్ అధిపతి స్థాపించిన ఇ.ఎం.ఆర్.ఐ. దీన్ని నడిపింది. మొదట దానంలాగా కనిపించిన ఈ ఏర్పాటులో, 2008 నాటికి నడిపే ఖర్చులో 95 శాతం ప్రభుత్వమే భరిస్తోంది. పేరు మాత్రం కంపెనీది. 2009 జనవరిలో సత్యం లెక్కల మోసం బయటపడి కంపెనీ కూలిపోయింది. 108 మాత్రం ఆగలేదు. ఎందుకాగలేదు? నడుపుతున్న డబ్బు జనానిది కాబట్టి. మరో కంపెనీ పేరు వచ్చి బండి మీద చేరింది.

ఈ చరిత్రలోంచి రెండు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ప్రభుత్వం తల్చుకుంటే డబ్బు దొరుకుతుంది. రెండు, డబ్బు పెట్టాక కూడా దాన్ని తన శాఖగా, తన ఉద్యోగులతో నడపడానికి ప్రభుత్వం సిద్ధపడలేదు. సేవ చేసే స్థానం నుంచి సేవ కొనే స్థానానికి జరిగింది. ఇది 108తో మొదలైన పద్ధతి కూడా కాదు. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్ని శాఖ నుంచి విడదీసి 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్ పెట్టినప్పుడూ, 1990లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆ ఆసుపత్రుల సంస్కరణ జరిగినప్పుడూ దారి ఇటువైపే పడింది.

కేంద్రం వాటా చూడండి. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద అంబులెన్సులు నడిపే ఖర్చుకి మొదటి ఏడాది 60 శాతం, రెండో ఏడాది 40, ఆ తర్వాత 20 శాతం ఇచ్చే పద్ధతి పెట్టారు. బండి పాతబడేకొద్దీ మరమ్మతులు పెరుగుతాయని ఏ ఆటో డ్రైవర్ని అడిగినా చెప్తాడు. ఇక్కడ బండి పాతబడేకొద్దీ కేంద్రం డబ్బు తగ్గుతుంది! మిగిలింది రాష్ట్రం భరించాలి. రాష్ట్రం కాంట్రాక్టరు మీదికి తోస్తుంది. కాంట్రాక్టరు పైలట్ మీదికి, ఈ.ఎం.టి. మీదికి తోస్తాడు. జీతం బకాయిల కోసం, ఎనిమిది గంటల డ్యూటీ కోసం 108 సిబ్బంది పదేపదే సమ్మెకి దిగింది ఇందుకే. రెండు రాష్ట్రాలయ్యాక కూడా ఈ గొడవ తీరలేదు. 2020 జులై 1న విజయవాడలో 108, 104 బళ్లు కలిపి 1,088 ఒకేసారి జెండా ఊపి పంపించారు. బళ్ల వరస కంటికి ఇంపుగానే వుంది. ఆ బళ్లు అయిదేళ్ల తర్వాత ఎలా నడవాలి అనే ప్రశ్నకి జెండా ఊపడంతో జవాబు రాదు.

దేశం మొత్తం లెక్క కూడా ఇలాగే వుంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 కల్లా ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చుని జి.డి.పి.లో 2.5 శాతానికి తెస్తామంది. 2021-22లో, కోవిడ్ ఏడాదిలో కూడా, అది 1.84 శాతమే. ఆ ఏడాది దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా తమ జేబుల్లోంచి పెట్టారు. ఇది అంతకుముందుకన్నా తగ్గిందని అధికారులు సంతోషిస్తున్నారు. తగ్గిందనేది నిజమే. కానీ ఖర్చు పెట్టలేక ఆసుపత్రికే పోనివాడి జేబు ఈ లెక్కలో ఎక్కడా కనపడదు.

బండి వచ్చాక ఏమిటి?

అంబులెన్సు వస్తే సగం పని అయినట్టే అనుకుంటాం. దేశంలో వంద ఆసుపత్రుల్లో ఎయిమ్స్, నీతి ఆయోగ్ కలిసి చేసిన పరిశీలన 2021లో బయటికొచ్చింది. 91 శాతం ఆసుపత్రులకి సొంత అంబులెన్సులున్నాయి. వాటితో వెళ్లడానికి శిక్షణ పొందిన సిబ్బంది మాత్రం 34 శాతం ఆసుపత్రుల్లోనే వున్నారు. బండిని కొనొచ్చు, రిబ్బన్ కట్ చెయ్యొచ్చు, ఫోటో తీయించుకోవచ్చు. మనిషికైతే నెలనెలా జీతం ఇవ్వాలి, ఫోటో రాదు.

పాముకాటు సంగతి తీసుకుందాం. 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో పాముకాటుతో దేశంలో సుమారు 12 లక్షలమంది, అంటే ఏడాదికి దాదాపు 58,000 మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ చావులు జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం వుంది. ఎక్కువమంది పోయింది పల్లెల్లో, వానాకాలంలో. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే మందు ఇక్కడే తయారవుతోంది. మందు తెలియక చచ్చేవాళ్లు కాదు వీళ్లు. కాటు పడ్డ చోటుకీ మందు వున్న చోటుకీ మధ్య కిలోమీటర్లు చంపుతున్నాయి. ఇంకో సంగతి చెప్పాలి. ఆ మందు తయారీకి కావాల్సిన విషాన్ని తీసిస్తున్నవాళ్లలో ముఖ్యులు తమిళనాడులోని ఇరుల ఆదివాసులు. 1978 నుంచి వాళ్ల సహకార సంఘం ఈ పని చేస్తోంది. విషాన్ని చేత్తో పట్టేది ఆదివాసి, కాటుకి గురయ్యేది కూలీ, మందు సీసా వుండేది పట్టణంలో. ఈ దేశపు శ్రమ విభజన ఒక్క సీసాలో కనిపిస్తోంది.

మన్యంలో గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫోటోలు ఏటా పేపర్లో చూస్తున్నాం. రోడ్డు లేదు కనక బైకు అంబులెన్సులు అన్నారు, 2018లో తెచ్చారు. అవి అక్కర్లేదని మేం అనడం లేదు. కానీ రోడ్డుకి బదులు బైకు, డాక్టరుకి బదులు బండి, ఆసుపత్రికి బదులు కార్డు, ఇలా ప్రతి హక్కుకీ ఒక బదులు ఇవ్వడం పాలకులకి అలవాటైపోయింది. ఆరోగ్యశ్రీ 2007లో మూడు జిల్లాల్లో మొదలైనప్పటినుంచీ పెద్ద ఆపరేషన్లకి ప్రభుత్వ డబ్బు ప్రైవేటు ఆసుపత్రులకి వెళ్లే దారి పడింది. ఆ పథకంతో బతికిన పేదలున్నారు, కాదనం. అయితే అదే డబ్బుతో ఏరియా ఆసుపత్రిలో రాత్రిపూట మత్తు డాక్టరు, రక్తనిధి వుండేట్టు చేస్తే, పట్టణం చేరకముందే పోయే ప్రాణాలు నిలబడేవి.

ఎవరి ప్రమాదం ప్రమాదం?

2025 మే నెలలో కేంద్రం రోడ్డు ప్రమాద బాధితులకి నగదు రహిత వైద్య పథకం ప్రకటించింది. ఏడు రోజుల దాకా లక్షా యాభై వేల రూపాయల వైద్యం. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు ఇచ్చిన మాట ఇది. సుప్రీంకోర్టు గట్టిగా అడిగితే తప్ప అమలుకి రాలేదు. రావడం మంచిదే. కానీ మోటారు బండి గుద్దితేనే ఈ పథకం. పాము కరిస్తే కాదు, పురుగుమందు ఎక్కితే కాదు, తాటిచెట్టు మీంచి పడితే కాదు, భూస్వామి గొడ్డలితో నరికితే కాదు.

ఈ చివరి మాట ఊరికే అనలేదు. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల ప్రకారం, దాడికి గురైన దళితుల మందులు, స్పెషలిస్టు డాక్టరు, రక్తం ఎక్కించడం వగైరా ఖర్చుల్ని జిల్లా యంత్రాంగం తిరిగి చెల్లించాలి. ‘తిరిగి చెల్లించడం’ అంటే ముందు వాడు పెట్టుకోవాలి. ఎక్కడ్నుంచి తెచ్చి పెడతాడు? ఊళ్లో అప్పిచ్చేది ఎవరు? ఊళ్లో కారు, ట్రాక్టరు ఎవరివి? 1985 జులై 17న కారంచేడులో దాడి జరిగినప్పుడు, 1991 ఆగస్టు 6న చుండూరులో జనాన్ని వెంటాడి చంపినప్పుడు, ఊరి బళ్లన్నీ, ఊరి దారులన్నీ ఎవరి చేతుల్లో వున్నాయో మనకి తెలుసు. వెలివేసిన వాడకి ఆటో కూడా రాదు. అలాంటి వేళ ఊరి పెత్తనానికి లోబడని బండి ఒక్కటే, అది ప్రభుత్వ బండి. కాబట్టి అంబులెన్సు వాడకి వైద్య సౌకర్యమే కాదు, రక్షణ కూడా. దాన్ని కాంట్రాక్టరు లాభనష్టాలకి వదిలెయ్యడం అంటే ఆ రక్షణని వదిలెయ్యడమే.

చావుకి డబ్బుంది

నిధులు అసలు లేవా? చూద్దాం. మురుగు కాల్వల్లో దిగి చనిపోయిన వాళ్ల కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. ఈ తీర్పులు పోరాడి తెచ్చుకున్నవి, వాటి విలువ తగ్గించం. అయితే మ్యాన్‌హోల్ విషవాయువు మనిషిని నిమిషాల్లో చంపుతుంది. ఆ నిమిషాల్లో అక్కడ ఆక్సిజన్, తాడు, శిక్షణ వున్న మనిషి, అంబులెన్సు వుంటే 30 లక్షల అవసరం రాదు. అసలు మనిషిని దింపకుండా యంత్రం కొంటే అంబులెన్సు అవసరం కూడా రాదు. ఎక్స్‌గ్రేషియా చెక్కు మీద మంత్రి ఫోటో దిగడానికి డబ్బుంది, ప్రాణం వుండగా ఖర్చు పెట్టడానికి డబ్బు లేదు. దళితుడి ప్రాణానికి వెల కడుతున్న ఈ వ్యవస్థ దాన్ని నిలబెట్టే ఖర్చుని మాత్రం దండగ అనుకుంటోంది.

789 నెంబరు పద్దు

ఇప్పుడు మన డబ్బు సంగతి. బడ్జెట్ పుస్తకాల్లో షెడ్యూల్డ్ కులాల ఉపప్రణాళికకి 789, గిరిజన ఉపప్రణాళికకి 796 అనే పద్దులుంటాయి. సంఘాల పోరాటం వల్ల 2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం దాని స్థానంలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో చట్టం గడువు ఇంకో పదేళ్లు పెంచారు. ఎస్.సి.లతోపాటు అందరికీ అందే పథకాల్లో ఎస్.సి. లబ్ధిదారులు ఎంతమంది వుంటే ఆ మేరకే ఖర్చు సబ్‌ప్లాన్ కింద చూపించాలని చట్టం చెప్పింది. విడదీయలేని పనుల విషయంలో కొంత వాటాని ఎస్.సి.ల కోసం ఖర్చయినట్టు భావించవచ్చని కూడా చెప్పింది. ఈ ‘భావించడం’ దగ్గరే అసలు కిటుకంతా వుంది. ఆరోగ్య శాఖ ఖర్చుని 789లో ఎక్కించినప్పుడు, ఆ డబ్బుతో ఏ వాడకి ఎన్నిసార్లు బండి వచ్చింది, ఎంతసేపటికి వచ్చింది, ఏ ఆసుపత్రికి చేర్చింది, మనిషి బతికాడా అనే లెక్క ఎవరిస్తున్నారు? భావించిన వైద్యంతో నిజమైన రోగి బతకడు.

మిత్రులతో ఒక మాట

వామపక్ష మిత్రులు ఈ సమస్యనంతా ప్రైవేటీకరణ కింద చెప్తారు. ప్రైవేటీకరణ మీద వాళ్ల విమర్శలో చాలాభాగంతో మాకు పేచీ లేదు. కానీ అంతా ప్రభుత్వానిదే అయినప్పుడు కూడా పి.హెచ్.సి. వూళ్లోనే కట్టారు, వాడలో కట్టలేదు. 1992లో కలకత్తాలో ఆ కూలీని తిప్పి పంపినవి ప్రభుత్వ ఆసుపత్రులే. అప్పుడు అక్కడ వున్నది వామపక్ష ప్రభుత్వమే. వర్గం ఒక్కటే చెప్పి కులాన్ని దాటేస్తే, ప్రభుత్వ రంగం వుంటే చాలు అన్నీ చక్కబడతాయనే భ్రమ మిగులుతుంది.

అటువైపు, మార్కెట్ వస్తే కులం పోతుందని చెప్పే మిత్రులున్నారు. రాజస్థాన్‌లో 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టం చేసి, అత్యవసర సమయంలో ముందు డబ్బు అడక్కుండా వైద్యం చెయ్యాలంటే, ప్రైవేటు డాక్టర్లు రోజుల తరబడి సమ్మె చేశారు. ప్రభుత్వం దిగొచ్చి, ప్రభుత్వ భూమీ రాయితీలూ తీసుకోని ప్రైవేటు ఆసుపత్రుల్ని మినహాయించడానికి ఒప్పుకున్నాకే సమ్మె ఆగింది. మార్కెట్ మనసు ఎట్లాంటిదో తెలుసుకోడానికి ఇంతకన్నా పెద్ద పరిశోధన అక్కర్లేదు.

మేం అడుగుతున్నవి గొంతెమ్మ కోరికలు కావు. 1996 తీర్పు చెప్పినవే చట్టంగా రావాలి. అత్యవసర వైద్యం ప్రభుత్వ శాఖగా, పర్మనెంట్ సిబ్బందితో నడవాలి. జనాభా లెక్కనే కాకుండా ప్రమాదం లెక్కన, దూరం లెక్కన బళ్లు పెట్టాలి. ప్రతి పి.హెచ్.సి.లో రాత్రిపూట కూడా పాముకాటు మందూ, దాన్ని ఎక్కించగల మనిషీ వుండాలి. అత్యాచార బాధితులకి తిరిగి చెల్లించడం కాదు, ముందే చెల్లించాలి. 789లో చూపించే ప్రతి రూపాయికీ వాడలవారీ లెక్క బయటపెట్టాలి.

విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు ఈ చివరి పని నుంచి మొదలుపెట్టొచ్చు. సమాచార హక్కు కింద మీ మండలంలో 108 పిలుపులు ఎన్ని, వాడల నుంచి వచ్చినవి ఎన్ని, బండి చేరడానికి పట్టిన సమయం ఎంత అని అడగండి. వచ్చిన కాగితాన్ని వాడలో పదిమంది మధ్య కూర్చొని చదవండి. లెక్క ఇస్తే, నిధులు ఎటు పోతున్నాయో తేలుతుంది. ఇవ్వకపోతే, మన ప్రాణాల్ని లెక్కలోకే తీసుకోలేదని తేలుతుంది. రెండిట్లో ఏది తేలినా, ‘నిధులు లేవు’ అనే జవాబు విని తలవంచుకొని వెనక్కి వచ్చే పని ఇక వుండదు.